నా చుక్క ఏది?

మొదటిసారి నడిపినప్పుడు
ఊరు పదకొండు నిమిషాల్లో కొండెక్కేసింది.
పన్నెండు వందల నలభై చుక్కలు.
ఒక్కో చుక్కకీ ఒకటే సూత్రం రాశాను:
భూమి కదిలిందా, కాలికి బుద్ధి చెప్పు,
దగ్గరి దారిన పైకి పో.
సముద్రం వచ్చి చూసుకుంటే ఖాళీ వీధులు.
ఆ రాత్రి వాల్దివియాలో, నా గదిలో,
నన్ను నేనే మెచ్చుకుని
చల్లారిన కాఫీ తాగి పడుకున్నాను.

యాంకావీ రేవులో, జాలర్ల సంఘం గదిలో
గోడకి దుప్పటి కట్టి చూపించాను.
ఎండుతున్న నాచు వాసన. వెనక బెంచీ నిండా ఉన్ని టోపీలు.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
ఓతీలియా కయుపాన్ లేచి దుప్పటి దాకా నడిచి
నాచు కోసి కోసి బీటలు వారిన వేలు పెట్టి
"ఇందులో నా చుక్క ఏది?" అంది.

ఏదో ఒకటి చూపించాను, ఎనిమిది వందల పన్నెండు.
చకచకా మెట్లెక్కిపోతోంది అది.
ఆమె నవ్వింది.
"ఇది నేను కాదమ్మా. దీనికి మోకాళ్ళ నొప్పి లేదు.
దీనికి చెల్లెలు లేదు."

చెల్లెలు ఎర్మెలిందా, రేవు పక్క ఇంట్లో
నడుం పడిపోయి ఏడేళ్ళు.
"ముందు కిందికి పోతాను. నీ సూత్రం ఆ తర్వాత."

అంతే, గదికి గట్టు తెగింది.
దామ్యాన్ పడవ విప్పుకుని నడి సముద్రానికే పోతాడట,
అప్పు తీరలేదు మరి.
తల్లులందరూ బడికి. బడి దిగువనుంది.
పద్నాలుగేళ్ళ కుర్రాడొకడు, నేలకేసి చూస్తూ,
ఇసిదోరా వాళ్ళింటి మీదుగా వెళతానన్నాడు.
అందరూ వాడివైపు తిరిగారు.

మూడు వారాలు కూర్చుని రాశాను.
చుక్కలకి మోకాళ్ళొచ్చాయి, బాకీలొచ్చాయి,
పిల్లలొచ్చారు, ఒకదానికి ఇసిదోరా వచ్చింది.
నడిపాను.
వంతెన మీద ఎక్కేవాళ్ళకి దిగేవాళ్ళు ఎదురయ్యారు.
ఎవరూ తప్పు చేయలేదు.
ఎవరిమటుకు వాళ్ళు చేయాల్సిందే చేశారు,
అదంతా కలిసి
గొంతులో ముద్దలా అడ్డం పడింది.
రెండు వందల ఆరు ఎర్రచుక్కలు.
వెయ్యిసార్లు నడిపాను. ఓసారి నూట తొంభై, ఓసారి రెండు వందల ముప్ఫై.
పాచికలు మారాయి, వంతెన మారలేదు.

నా మొదటి లెక్క కాకిలెక్క అందామంటే
కాకికి అన్యాయం. ఒక కాకి చస్తే
పది కాకులు చుట్టూ చేరి అరుస్తాయి.
నా చుక్కలకి ఆ పాటి కూడా రాయలేదు నేను.

వంతెన వెడల్పు చేసి చూశాను, పెద్దగా తేడా లేదు.
చివరికి ఒక వాక్యం కలిపాను:
'నేను తీసుకొస్తాలే' అని పక్కింటివాళ్ళంటే నమ్ము.
ఎంత నమ్మాలి? సున్నా నుంచి వంద దాకా జరిపాను.
ముప్ఫై దగ్గర ఏమీ లేదు. యాభై, అరవై, ఏమీ లేదు.
డెబ్బై దాటగానే వంతెన ఖాళీ.
పాలు కాచేవాళ్ళకి కొత్త కాదు ఇది:
లేదు, లేదు, లేదు, ఉన్నట్టుండి పొంగు.

మళ్ళీ వెళ్ళి చెప్పాను.
"ఇప్పుడు మాలో ఎంతుంది?" అంది ఓతీలియా.
తెలీదన్నాను. అది కొలిచే సాధనం నా దగ్గర లేదు.
దామ్యానూ రొట్టెల కొట్టువాళ్ళూ
ఒక వల గురించి మాటలు మాని తొమ్మిదేళ్ళట.

పంతులమ్మ పిల్లల్ని తనే కొండకి నడిపిస్తానంది.
అప్పుడు బ్రిహిదా అనే తల్లి లేచి నిలబడి
"భూకంపం వస్తే
నేను బడికి రాను" అంది.
ఆ ఒక్క మాటకి
రెండుసార్లు మొదలుపెట్టి ఆగింది.

రొట్టెల కొట్టు కుర్రాడు ఎర్మెలిందాని
పిండి బస్తాల బండి మీద తోసుకొస్తానన్నాడు.
ఓతీలియా వాణ్ణి చాలాసేపు చూసింది,
చేతులు చూసింది, బూట్లు చూసింది.
సరే అనలేదు. ఆలోచిస్తానంది.

అందుకని ఎనిమిది వందల పన్నెండుకి
ఆ గడి ఖాళీగా ఉంచాను.
ప్రోగ్రాం ఒప్పుకోవడం లేదు.
ఏదో ఒక అంకె వెయ్యమంటోంది.